గోడ రంగు గోడదా, బొమ్మదా? రెవిట్‌లో వ్యూకో రంగు చూపించే దారుల్లో ఏది ఎప్పుడు

పాత ఇంటి మీద కొత్త అంతస్తు వేసే పని అనుకోండి. కింద రెండు గోడలు పడగొట్టాలి, మూడు కొత్తవి కట్టాలి, పైన అంతా కొత్తదే. ఆ కొత్త గోడల్లో ఒక్కదాన్ని తీసుకుని చూడండి. పురపాలక సంఘానికి ఇచ్చే ప్లానులో అది ఎర్రగా నిండి కనిపించాలి. ఇంటి యజమానికి చూపించే ఎలివేషన్‌లో గంధం రంగులో ఉండాలి. మేస్త్రి చేతికి వెళ్లే ప్లానులో తొమ్మిదంగుళాల గోడ ఒక రంగు, నాలుగున్నర అంగుళాల అడ్డగోడ ఇంకో రంగు అయితే టేపు తీయకుండానే అతనికి అర్థమవుతుంది. తక్కిన సెక్షన్లు, డీటెయిల్ షీట్లు నలుపూ తెలుపే. గోడ ఒకటే, వేషాలు నాలుగు.

ఆటోకాడ్‌లో అయితే నాలుగు ఫైళ్లు, నాలుగు లేయర్లు, నాలుగు హాచ్‌లు. ఎవరి గొడవ వారిది. రెవిట్ అంటే ఇంటిని ఒక త్రీడీ మోడల్‌గా కట్టి, ప్లానులు, ఎలివేషన్లు, సెక్షన్లు అన్నీ అందులోంచే ‘వ్యూ’లుగా తీసే సాఫ్ట్‌వేర్. అక్కడ మోడల్ ఒక్కటే కాబట్టి ఒకచోట వేసిన రంగు ఇంకోచోట తల ఎత్తుతుంది. పైగా దారులు ఒకటీ రెండూ కావు. మెటీరియల్‌లో రంగు మార్చవచ్చు, పెయింట్ పరికరంతో పూయవచ్చు, గోడ రకంలో పొరలు మార్చవచ్చు, వ్యూలో కేటగిరీకి, ఫిల్టర్‌కు, విడిగా ఒక్కో గోడకు రంగు ఇవ్వవచ్చు, ఫేజ్ (గోడ ఎప్పుడు కట్టింది, ఎప్పుడు కూల్చేది అన్న దశ) ద్వారా ఇవ్వవచ్చు. అన్నీ తెరమీద ఒకేలా కనిపిస్తాయి. నాలుగు నెలల తరవాత ఒక్కోటి ఒక్కోలా ఏడిపిస్తుంది.

ఏ దారి పట్టాలో తేల్చుకోవడానికి నేను ఒకే ప్రశ్న అడుగుతాను: ఈ రంగు గోడదా, బొమ్మదా? గంధం రంగు గోడది. రేపు ఆ గోడ నిజంగా అలాగే ఉంటుంది, దానికి డబ్బాలు కొనాలి, చదరపు మీటర్లు లెక్కకట్టాలి. పురపాలక సంఘం ఎరుపు బొమ్మది. ఆ కాగితం దాటితే ఆ రంగుకు ఉనికే లేదు. గోడ రంగును మోడల్‌లోనే పెట్టాలి, బొమ్మ రంగును వ్యూలోనే పెట్టాలి.

ఈ తేడా నాకు తలవంపులతోనే వంటబట్టింది. కొత్తలో ఒక ఇంటి ప్లాను కోసం ‘ఎరుపు’ అనే మెటీరియల్ తయారుచేసి పెయింట్ పరికరంతో కొత్త గోడల ముఖాలకు పూసేశాను. ప్లానులో ఏమీ కనిపించలేదు, ఎందుకో కింద చెబుతాను. విసుగుపుట్టి వేరే దారిలో పని కానిచ్చాను కానీ పూసినదాన్ని తీయడం మరిచిపోయాను. కొన్ని వారాలకు అంచనాలు వేసే ఆయన మెటీరియల్ పట్టిక పట్టుకుని వచ్చి, ‘ఇన్ని చదరపు మీటర్ల ఎరుపు రంగు ఎక్కడ వేస్తున్నామండీ, గుడి కడుతున్నామా?’ అని అడిగారు.

ముందు విజువల్ స్టైల్ సంగతి

రంగు ఎక్కడ పెట్టాలో తేల్చుకునే ముందు, వ్యూ ఏ విజువల్ స్టైల్‌లో ఉందో, అంటే మోడల్‌ను ఏ తీరున చూపిస్తోందో తెలియాలి. సందేహాల్లో సగం ఇక్కడే పుడతాయి.

రెవిట్‌లో ఒక మెటీరియల్‌కు నిజానికి మూడు ముఖాలు ఉంటాయి. మొదటిది షేడింగ్ రంగు. ఇది ‘షేడెడ్’, ‘కన్సిస్టెంట్ కలర్స్’ స్టైల్స్‌లో కనిపిస్తుంది. రెండోది నమూనాలు: గోడను బయటినుంచి చూసినప్పుడు సర్ఫేస్ ప్యాటర్న్, కోసి చూసినప్పుడు కట్ ప్యాటర్న్. ఇవి షేడింగ్ లేకుండా గీతలుగా చూపే ‘హిడెన్ లైన్’లో కూడా కనిపిస్తాయి. మూడోది అపియరెన్స్. ఇది ‘రియలిస్టిక్’లోనూ, రెండరింగ్‌లోనూ కనిపిస్తుంది. ఈ మూడూ ఒకదానికొకటి తెలియని అన్నదమ్ముల్లా ఉంటాయి. షేడింగ్ రంగు గంధం, అపియరెన్స్ నీలం అయినా సాఫ్ట్‌వేర్ నోరెత్తదు. ‘యూజ్ రెండర్ అపియరెన్స్’ అన్న గడిలో టిక్ పెడితే షేడింగ్ రంగు అపియరెన్స్ నుంచి వస్తుంది. మళ్లీ దాన్ని చేత్తో మార్చాలంటే ముందు ఆ టిక్ తీయాలి.

షేడెడ్‌కూ కన్సిస్టెంట్ కలర్స్‌కూ తేడా చిన్నదే అయినా యజమాని దగ్గర పెద్దది. షేడెడ్‌లో వెలుతురు పడే దిశను బట్టి ఒకే గోడ ఒక వైపు లేతగా, ఇంకో వైపు ముదురుగా కనిపిస్తుంది. తూర్పు ఎలివేషన్‌లోనూ ఉత్తరం ఎలివేషన్‌లోనూ ‘ఇవి రెండు రంగులా?’ అన్న ప్రశ్న వచ్చిందంటే కారణం ఇదే. రంగులను పోల్చడానికి తీసే డ్రాయింగ్ ఏదైనా కన్సిస్టెంట్ కలర్స్‌లో పెట్టండి.

ఇక నేను పూసిన ఎరుపు ప్లానులో ఎందుకు కనిపించలేదు? ప్లాను అంటే గోడను అడ్డంగా కోసి పైనుంచి చూడడం. పెయింట్ ముఖానికి పూసే పూత, దానికి మందం లేదు. కోసినచోట మందం లేనిది కనిపించదు. ప్లానులోనూ సెక్షన్‌లోనూ రంగు కావాలంటే కట్ ప్యాటర్న్, ఎలివేషన్‌లోనూ త్రీడీలోనూ కావాలంటే సర్ఫేస్ ప్యాటర్న్. ఫిల్టర్లు పనిచేయడం లేదని వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఒకదానికి బదులు ఇంకొకటి మార్చినవాళ్లే.

గోడ సొంత రంగు: మెటీరియలా, పెయింటా, పొరా?

బయటి ముఖం ఒక రంగు, లోపలి ముఖం ఒక రంగు. ఇల్లంతా ఇంతే అయితే గోడ రకంలోనే పని అయిపోతుంది. బయటి పూత పొరకు ఒక మెటీరియల్, లోపలి పూత పొరకు ఇంకొకటి ఇస్తే చాలు. ఇలా పొరలున్న గోడను రెవిట్ పరిభాషలో కాంపౌండ్ వాల్ అంటారు. మన దగ్గర కాంపౌండ్ వాల్ అంటే ప్రహరీ గోడ. కొత్తగా చేరిన పిల్లలకు ‘కాంపౌండ్ వాల్ ఎడిట్ చెయ్యి’ అంటే సైట్ ప్లాను తెరుస్తారు. వాళ్ల తప్పు లేదు.

గోడ రకంలో రంగు పెట్టడంలోని గొప్ప, మీరు గీసే ప్రతి కొత్త గోడా ఆ రంగుతోనే పుడుతుంది. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లోటు ఏమిటంటే రకాల సంఖ్య పెరిగిపోతుంది. హాలు ఒక రంగు, మూడు పడకగదులు మూడు రంగులు, మధ్యలో ఉమ్మడి గోడలు అన్నప్పుడు ‘ఇటు లేత నీలం, అటు లేత ఆకుపచ్చ’ అనే జంటలు ఎన్నో అవుతాయి. అక్కడ గోడ రకాన్ని వదిలి పెయింట్‌కు రావాలి.

పెయింట్ పరికరం ఒక్కో ముఖానికి ఒక్కో మెటీరియల్ పూస్తుంది. గోడ మందం మారదు, రకం మారదు. మెటీరియల్ పట్టికలో ఆ విస్తీర్ణం వస్తుంది. ‘యాజ్ పెయింట్’ అన్న నిలువు వరుస పెట్టుకుంటే పూసినదేదో, పొరలో ఉన్నదేదో విడివిడిగా తెలుస్తుంది. నన్ను పట్టించింది ఆ వరుసే. మెటీరియల్ ట్యాగ్ పెడితే పూసిన ముఖంమీద ఆ మెటీరియల్ పేరు చదువుతుంది కాబట్టి లోపలి ఎలివేషన్లకు చక్కగా అమరుతుంది.

కానీ పెయింట్‌తో రెండు చిక్కులున్నాయి. మూడు పడకగదుల వెనుక ఒకే పొడవాటి గోడ పోతోందనుకోండి. మనకు అది మూడు గదుల మూడు గోడలు, సాఫ్ట్‌వేర్‌కు తరచు ఒకే ముఖం. మొదటి గదిలో నొక్కితే మూడు గదుల్లోనూ రంగు పడుతుంది. ‘స్ప్లిట్ ఫేస్’తో ముఖాన్ని ముందే ముక్కలు చేసుకోవాలి. ఆ ముక్క గీత మూసుకున్న ఆకారమైనా కావాలి, లేదా ముఖం అంచున మొదలై అంచునే ముగియాలి. రెండో చిక్కు, పూత ఆ గోడకే అంటిపెట్టుకుని ఉంటుంది. ఎవరో గోడను చెరిపి మళ్లీ గీస్తే రంగు పోయినట్టే. మార్పులు ఇంకా జరుగుతున్న దశలో పెయింట్ వేయడం, ప్లాస్టరింగ్ ఆరకముందే పుట్టీ పెట్టడం లాంటిది. డిజైన్ కుదురుకున్నాక వేయండి.

స్నానాల గదిలో ఏడడుగుల దాకా టైల్స్, పైన రంగు అన్నదానికి మూడు దారులున్నాయి. వీటిలో నాకు బలమైన ఇష్టం ఒకటుంది కాబట్టి దాచను. స్ప్లిట్ ఫేస్ చేసి కింది భాగానికి టైల్ మెటీరియల్ పూయడం మొదటిది. చూడడానికి బాగుంటుంది, కానీ టైలుకూ దాని కింది సిమెంటుకూ మందం ఉండదు. రెండు వైపులా ఆ మందం కలిస్తే ఇరుకు గదిలో కమోడ్ పక్క కొలత తేడా కొడుతుంది. గోడ రకంలోనే ‘స్ప్లిట్ రీజియన్’తో లోపలి పొరను ఎత్తు దగ్గర విడగొట్టడం రెండోది. అది సెక్షన్ ప్రివ్యూలో మాత్రమే సాగే పని, ఎత్తు మారిన ప్రతి గదికీ కొత్త రకం కావాలి. మూడోది, టైలు మందంతో ఒక సన్నటి గోడను విడిగా గీసి అసలు గోడకు ఆనించి, ‘జాయిన్ జామెట్రీ’తో కలపడం. కలిపితే తలుపూ కిటికీ రంధ్రాలు సన్న గోడను కూడా కోస్తాయి. గీయడానికి కాస్త ఓపిక కావాలి. అయినా నేను దీనికే ఓటు వేస్తాను. ఎత్తు మార్చాలంటే ఆ గోడ ఎత్తు మారుస్తే చాలు, విస్తీర్ణం గోడల పట్టికలోనే వస్తుంది, పైగా అది సొంత రకం ఉన్న గోడ కాబట్టి కింద చెప్పబోయే ఫిల్టర్లకూ దొరుకుతుంది. పెయింట్‌ను ఫిల్టర్ పట్టుకోలేదు.

మెటీరియళ్లు తయారుచేసేటప్పుడు ఒక గొయ్యి ఉంది, అందరూ ఒక్కసారైనా పడతారు. గంధం రంగు మెటీరియల్‌ను డూప్లికేట్ చేసి లేత నీలం చేశారనుకోండి. షేడెడ్ వ్యూలో బాగానే ఉంటుంది. అపియరెన్స్ ట్యాబ్‌లోనూ నీలం చేస్తారు. అంతే, రెండర్‌లో గంధం గోడలన్నీ నీలం అయిపోతాయి. మెటీరియల్ రెండయినా వాటి అపియరెన్స్ ఒకటే పంచుకుంటున్నాయి. ఆ ట్యాబ్‌లో చేతి గుర్తు పక్కన కనిపించే అంకె ఎన్ని మెటీరియళ్లు దాన్ని పంచుకుంటున్నాయో చెబుతుంది. ముందు ఆ అపియరెన్స్‌ను కూడా విడిగా డూప్లికేట్ చేసి, తరవాత రంగు మార్చండి.

తెరమీది రంగు షేడ్ కార్డు రంగుకు సరిగ్గా సరిపోతుందన్న భ్రమ వద్దు. మెటీరియల్ ఐడెంటిటీ వివరాల్లో కంపెనీ పేరు, షేడ్ కోడ్ రాసి ట్యాగ్‌లో దాన్నే చూపించండి. గోడ దగ్గర నిలబడ్డ రంగుల మేస్త్రికి కావలసింది ఆ కోడే.

బొమ్మ రంగు: అసలు పోటీ ఇక్కడే

మేస్త్రి ప్లానుకు వద్దాం. 230 మిల్లీమీటర్ల గోడలు ఒక రంగు, 115 మిల్లీమీటర్ల గోడలు ఒక రంగు. ఇది ఆ షీటు వరకే.

చాలామంది మొదట చేసే పని గోడను ఎంచుకుని, కుడి నొక్కు నొక్కి, ‘ఓవర్‌రైడ్ గ్రాఫిక్స్ ఇన్ వ్యూ’లో ‘బై ఎలిమెంట్’ కింద రంగు ఇచ్చేయడం. పది క్షణాల్లో అయిపోతుంది, మోడల్‌కు ఏ హానీ లేదు, రంగు ఆ వ్యూ దాటదు. మరి లోటేమిటి? రేపు గీసిన కొత్త గోడకు ఆ రంగు రాదు. పై అంతస్తు ప్లానులో అంతా మళ్లీ చేయాలి. వ్యూ టెంప్లేట్‌లో, అంటే చాలా వ్యూలకు ఒకేసారి తగిలించే అమరికల మూటలో, ఇది చేరదు. అన్నిటికంటే ఇబ్బంది, ఏ గోడకు ఇలా చేత్తో రంగు ఇచ్చామో చూపించే జాబితా ఎక్కడా దొరకదు. ఇంకొకరు ఆ ఫైలు అందుకున్నప్పుడు ‘ఈ ఒక్క గోడ ఎందుకు మాట వినడం లేదు’ అని తల పట్టుకుంటారు. ఇది ఫిల్టర్‌ను కూడా మించి పైన కూర్చుంటుంది కదా. సమావేశంలో ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఒక గోడ చూపించడానికి వాడండి, సాయంత్రం ‘రీసెట్’ నొక్కి ఇంటికి వెళ్లండి.

కేటగిరీకే రంగు ఇవ్వడం దీనికి పూర్తిగా ఎదురు. గోడలన్నీ ఒకే రంగు. నిర్మాణ ఇంజనీరుకు గోడలు వెలిసినట్టు బూడిద రంగులో, స్తంభాలు నల్లగా చూపించే వ్యూలో ఇది సరిపోతుంది. అంతకు మించి దీనితో పనిలేదు.

మిగిలింది ఫిల్టర్. బొమ్మ రంగుల్లో పదింటికి ఎనిమిదిసార్లు నా జవాబు ఇదే. కారణం, ఫిల్టర్ గోడను పేరుపెట్టి పిలవదు, లక్షణం చెప్పి పిలుస్తుంది. ‘గోడల్లో టైప్ మార్క్ (గోడ రకానికి మనం ఇచ్చే గుర్తు) డబ్ల్యూ9 ఉన్నవి’ అంటే ఈ రోజున్నవీ వస్తాయి, రేపు గీసేవీ వస్తాయి. ఫిల్టర్‌ను వ్యూ టెంప్లేట్‌లో పెడితే ఆ టెంప్లేట్ తగిలించిన అంతస్తులన్నిటికీ ఒకే దెబ్బకు పాకుతుంది. మన ఫైలుకు జోడించిన వేరే ఫైళ్లు, అంటే లింక్ మోడళ్లు, మన వ్యూ అమరికల ప్రకారమే (‘బై హోస్ట్ వ్యూ’) కనిపిస్తుంటే వాటిలోని గోడలను కూడా పట్టుకుంటుంది. అవతలి ఫైలులోని గోడకు పెయింట్ వేయడం మన ఫైలు నుంచి ఎటూ కుదరదు.

నియమం దేనిమీద పెట్టాలన్నదే ఆలోచించవలసిన చోటు. ‘టైప్ నేమ్‌లో 230 ఉంటే’ అని రాయడం తేలిక. కానీ పేర్లు మారతాయి, ఎవరో ‘9 అంగుళాలు’ అని రాస్తారు, ఫిల్టర్ కిక్కురుమనకుండా ఆ గోడను వదిలేస్తుంది. టైప్ మార్క్ కాస్త నయం, ఎందుకంటే దాన్ని పట్టికలోనూ వాడతాం కాబట్టి తప్పు ఉంటే కళ్లబడుతుంది. రంగుల అవసరం రకాన్ని దాటి ఉంటే, ఉదాహరణకు ‘మొదటి విడతలో కట్టేవి, రెండో విడతలో కట్టేవి’ అన్నప్పుడు, గోడలకు ఒక ప్రాజెక్టు పారామీటర్ (మనమే చేర్చుకునే సమాచార గడి) చేర్చి విలువ నింపండి. ‘కామెంట్స్’ గడిని ఇందుకు వాడకండి. అందులో అందరూ అన్నీ రాస్తారు.

ఫిల్టర్ జాబితాలో వరుసకు విలువ ఉంది. ఒక గోడ రెండు ఫిల్టర్లకు దొరికితే పైనున్నదాని మాటే చెల్లుతుంది. ఒకే ఫిల్టర్‌లో ‘లేదా’ నియమాలు రాసుకునే వీలు 2019 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు రెండు షరతులకు రెండు ఫిల్టర్లు పెట్టుకునేవాళ్లం. 2021 నుంచి ఫిల్టర్‌ను తీసేయకుండా తాత్కాలికంగా ఆపే టిక్ కూడా ఉంది. రంగు ఎక్కడినుంచి వస్తోందో వెతికేటప్పుడు ఒక్కొక్కటి ఆపుతూ పోతే దొంగ దొరుకుతాడు.

ఫిల్టర్ చేయలేనివీ ఉన్నాయి. అది గోడ మొత్తాన్ని పట్టుకుంటుంది, ఒక్క ముఖాన్ని పట్టుకోలేదు. కాబట్టి లోపలొక రంగు, బయటొక రంగు దీనితో రాదు. రియలిస్టిక్ స్టైల్‌లో సర్ఫేస్ నమూనా రంగులు కనిపించవు. సన్నగా పొరలు చూపించే వివరమైన ప్లానులో కట్ ప్యాటర్న్‌ను నిండు రంగుతో కప్పితే ఇటుక గీతలూ ప్లాస్టరింగ్ చుక్కలూ మాయమవుతాయి. అక్కడ ముందు నమూనాను (ఫోర్‌గ్రౌండ్) ముట్టుకోకుండా వెనుక నమూనాకు (బ్యాక్‌గ్రౌండ్) మాత్రమే లేత రంగు ఇవ్వండి.

ముందు, వెనుక అన్న ఈ రెండు నమూనాలు కూడా 2019లో వచ్చినవే. నా దృష్టిలో గోడ రంగుల విషయంలో ఆ వెర్షన్ చేసిన పెద్ద మేలు ఇది. అంతకుముందు ఇటుక గీతలైనా కావాలి, రంగైనా కావాలి, హిడెన్ లైన్‌లో రెండూ కలిపి దొరికేవి కావు.

రంగు ఎలివేషన్ ప్రింటు కోసం నేను చేసేది

యజమానికి రంగుల ఎలివేషన్ ఇవ్వాలి. తేలిక దారి వ్యూను షేడెడ్‌కు మార్చడం. తెరమీద ముచ్చటగా ఉంటుంది. పీడీఎఫ్ తీస్తే అసలు రంగు బయటపడుతుంది. షేడెడ్ లాంటి స్టైల్స్‌లో ఉన్న వ్యూలు రాస్టర్‌గా, అంటే ఫొటోలా, ప్రింట్ అవుతాయి. సన్న గీతలు మసకబారతాయి, ఫైలు బరువెక్కుతుంది.

నేను మెటీరియల్‌లోనే ఏర్పాటు చేసుకుంటాను. సర్ఫేస్ ప్యాటర్న్‌లో ముందు నమూనాగా గాడి గీతలో, ఇటుక గీతలో, ఏమీ లేకపోతే ఖాళీ. వెనుక నమూనాగా సాలిడ్ ఫిల్, దానికి గంధం రంగు. దీంతో వ్యూ హిడెన్ లైన్‌లోనే ఉంటుంది, రంగూ వస్తుంది, గీతలు వెక్టర్‌గా, అంటే ఫొటోలా కాక గీతలుగానే, పదునుగా ప్రింట్ అవుతాయి. వెలుతురును బట్టి లేతా ముదురూ అనే గోల లేదు.

ఇక రంగు వద్దనుకున్న పని డ్రాయింగుల టెంప్లేట్‌లో గోడల కేటగిరీకి వెళ్లి, సర్ఫేస్ ప్యాటర్న్ ఓవర్‌రైడ్‌లో వెనుక నమూనా పక్కనున్న ‘విజిబుల్’ టిక్ తీసేస్తాను. ఇటుక గీతలు ఉంటాయి, రంగు పోతుంది. అంటే రంగు గోడలో ఉంది, దాన్ని చూపించాలా దాచాలా అన్నది వ్యూ తేలుస్తోంది. దీనికి చెల్లించే మూల్యం ఒకటే. టెంప్లేట్ తగిలించని కొత్త వ్యూ తెరిస్తే అందులో రంగులు వెల్లువెత్తుతాయి. టెంప్లేట్లు వాడే అలవాటు లేని ఆఫీసులో ఈ పద్ధతి పెట్టకండి, వారంలో మిమ్మల్ని తిడతారు. అలాంటి చోట షేడింగ్ రంగు మాత్రమే పెట్టి, రంగు కావలసిన వ్యూలను కన్సిస్టెంట్ కలర్స్‌లో ఉంచి, ప్రింటు నాణ్యతలో రాజీపడడం మేలు.

పాత గోడ, కొత్త గోడ, పడిపోయే గోడ

పురపాలక సంఘం ప్లానుకు ఫిల్టర్ కూడా వాడవచ్చు. కానీ ఇక్కడ దాన్ని మించినది ఫేజ్. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోని రంగుల పట్టిక ప్రకారం కొత్తగా ప్రతిపాదించే పనిని ఎర్రగా నింపాలి, పడగొట్టేదాన్ని పసుపు గీతలతో చూపాలి. ఏ గోడ ఎప్పుడు కట్టారు, ఎప్పుడు కూల్చుతారు అన్నది మోడల్‌లో ఇప్పటికే ఫేజ్‌గా ఉంది. దాన్నే రంగుగా మార్చమని అడగడం న్యాయం.

‘ఫేజెస్’ పెట్టెలో గ్రాఫిక్ ఓవర్‌రైడ్స్ దగ్గర కొత్తదానికి ఎర్ర సాలిడ్ ఫిల్, కూల్చేదానికి పసుపు ఏటవాలు గీతలు ఇవ్వండి. ఇవి ప్రాజెక్టు మొత్తానికి ఒకటే. అలాంటప్పుడు వ్యూకో రకంగా ఎలా? కీలకం ఫేజ్ ఫిల్టర్‌లో, అంటే ఒక వ్యూలో ఏ దశవి ఎలా కనిపించాలో చెప్పే అమరికలో ఉంది. ‘అనుమతి ప్లాను’ అని ఒక ఫేజ్ ఫిల్టర్ చేసి అందులో కొత్తవీ కూల్చేవీ ‘ఓవర్‌రిడెన్’ అని పెట్టండి. ఇంకొక ఫేజ్ ఫిల్టర్‌లో కొత్తవి ‘బై కేటగిరీ’, కూల్చేవి ‘నాట్ డిస్‌ప్లేడ్’. అనుమతి షీట్లకు మొదటిది, మేస్త్రి షీట్లకు రెండోది. ఒకే గోడ ఒకచోట ఎర్రగా, ఒకచోట మామూలుగా ఉంటుంది, మోడల్‌ను ఎవరూ తాకలేదు.

ఫేజ్ రంగులు గోడలతో ఆగవు. కొత్త స్తంభం, కొత్త స్లాబు కూడా ఎర్రబడతాయి. అనుమతి ప్లానులో అది కావలసిందే కాబట్టి పరవాలేదు. కానీ ఫేజ్ రంగుతోపాటు అదే వ్యూలో గోడలకు ఫిల్టర్ రంగు కూడా పెట్టకండి. ఏది గెలిచిందో, ఎందుకు గెలిచిందో తేల్చడానికి ఒక పూట పోతుంది.

ఇంటిని పెంచే పనుల్లో ఇంకొక మాయ కనిపిస్తుంది. పాత గోడ మెటీరియల్‌కు ఎంత మంచి రంగు ఇచ్చినా త్రీడీలో బూడిద రంగు వదలదు. మెటీరియల్ తప్పు కాదు. రెవిట్‌తో వచ్చే ‘షో ఆల్’ ఫేజ్ ఫిల్టర్ పాతవాటిని ఓవర్‌రిడెన్ అని పెట్టి ఉంచుతుంది. ఫేజ్ ఓవర్‌రైడ్‌లో ఒక మెటీరియల్ కూడా ఉంటుంది, అది అసలు మెటీరియల్‌ను కప్పేస్తుంది. యజమానికి చూపే వ్యూలో పాతవాటిని కూడా బై కేటగిరీ చేసిన ఫేజ్ ఫిల్టర్ తగిలిస్తే పాత గోడకు రంగు తిరిగి వస్తుంది.

అరుదుగా పనికొచ్చేవి

యజమానికి రెండు రంగుల పథకాలు పక్కపక్కన చూపించాలంటే డిజైన్ ఆప్షన్లు (ఒకే ఫైలులో ప్రత్యామ్నాయ డిజైన్లు ఉంచుకునే వీలు) గుర్తొస్తాయి. రంగుల కోసమే అయితే వద్దు. గోడను ఆప్షన్‌లోకి తీసుకెళ్తే దానిలోని తలుపులూ కిటికీలూ వెంట రావాలి, ప్రతి పథకానికీ గోడ మళ్లీ ఉండాలి. ఫైలు కాపీ తీసుకుని మెటీరియల్ రంగు మార్చి చిత్రం తీసుకోవడం అరగంట పని.

పార్ట్స్ మాత్రం ఆలోచించదగ్గవి. గోడను పార్ట్స్‌గా విడగొడితే ఒక్కో ముక్కకు మెటీరియల్ విడిగా ఇవ్వవచ్చు. ప్రతి వ్యూలోనూ ‘పార్ట్స్ విజిబిలిటీ’ అనే గుణం ఉంటుంది. ఒక వ్యూలో పార్ట్స్, ఇంకో వ్యూలో అసలు గోడ చూపించవచ్చు. ఒక ముఖానికే వ్యూను బట్టి రంగు మారాలన్న వింత కోరిక వస్తే ఇదొక్కటే తీరుస్తుంది. పెద్ద ముఖద్వారపు పలకల పనుల్లో వాడారంటే అర్థముంది, రెండంతస్తుల ఇంటికి ఇది పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం.

రూము రంగుల పథకాలు, అంటే కలర్ ఫిల్, గదులూ వైశాల్యాలూ లాంటివాటికి. గోడలకు వర్తించవు. అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

ఆర్కికాడ్ వాడేవాళ్లకు ఈ ఫిల్టర్ పాత్రను గ్రాఫిక్ ఓవర్‌రైడ్స్ పోషిస్తాయి. అవి 20వ వెర్షన్‌తో వచ్చాయి, నియమాల కలయికను వ్యూలోనే భద్రపరచుకోవచ్చు. గోడ సొంత రంగుకు అక్కడ సర్ఫేస్‌లు ఉన్నాయి. స్కెచప్‌లో సీన్లు కెమెరానూ స్టైల్‌నూ గుర్తుపెట్టుకుంటాయి కానీ ముఖానికి పూసిన రంగును సీనుకో రకంగా గుర్తుపెట్టుకోవు. అక్కడ బొమ్మ రంగు కావాలంటే ట్యాగ్ రంగులతో సరిపెట్టుకోవాలి.

ఆ ఇంటికి చివరికి ఏం పెట్టాం

గోడ రకాలు నాలుగే: 230 బయటిది, 230 లోపలిది, 115 అడ్డగోడ, టైల్స్ సన్న గోడ. బయటి గంధం రంగు పొర మెటీరియల్‌లో, వెనుక నమూనాతో. పడకగదుల రంగులు పెయింట్‌తో, అదీ యజమాని ఇంటి ప్లాను ఖాయం చేశాక. రంగు టెంప్లేట్లు మూడు: అనుమతి ప్లానుకు ఫేజ్ ఫిల్టర్ ఉన్నది, మేస్త్రి ప్లానుకు టైప్ మార్క్ ఫిల్టర్లు ఉన్నది, ఎలివేషన్లకు రంగు తెరిచి ఉంచినది. తక్కిన వ్యూలన్నీ నలుపూ తెలుపూ టెంప్లేట్ మీద. చేత్తో ఇచ్చిన రంగులు సున్నా.

మొదటి ప్రింటులో అన్నీ కుదిరాయి, టెర్రస్ ప్లానులో పిట్టగోడ తప్ప. చుట్టూ ఉన్న పిట్టగోడ ఒక్కటే రంగు లేకుండా తెల్లగా మిగిలింది. ఫిల్టర్‌కు అది దొరుకుతోంది, కట్ ప్యాటర్న్‌లో రంగు ఉంది, అయినా రావడం లేదు. మెట్రిక్‌లో 2 మీటర్లకంటే పొట్టిగా ఉన్న గోడను కట్ ప్లేన్ (ప్లాను కోసం అడ్డంగా కోసే తలం) తగిలినా సరే రెవిట్ కోయదు, పైనుంచి చూసినట్టే చూపిస్తుంది. పిట్టగోడ మీటరే. అదే ఫిల్టర్‌లో సర్ఫేస్ ప్యాటర్న్‌కు కూడా అదే రంగు ఇచ్చి మళ్లీ ప్రింట్ తీశాం.